సవర పిల్లల పంతులు గిడుగు

గిడుగు వెంకట రామమూర్తి పేరు చెప్పగానే వాడుక భాష ఉద్యమం గుర్తొస్తుంది. ఆయన పుట్టిన ఆగస్టు 29నే మన బడుల్లో తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. అంతకు ముందే ఆయన చేసిన ఇంకో పని లక్ష్మీపూర్ లాంటి కొండ ఊళ్లలో ఉన్న మనకు మరీ దగ్గరిది.

1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. విజయనగరంలో గురజాడ అప్పారావు ఆయన సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో టీచరుగా చేరారు. ఆ చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉండేవారు. వాళ్ల భాషకు పుస్తకాలు లేవు. తెలుగు తెలిసిన ఒక సవరను దగ్గర పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. కొండలు తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, మందుగా మింగిన క్వినైన్‌తో వినికిడి పోయింది. ప్రతి పలుకునూ విని రాసుకునే మనిషికి అదెంత దెబ్బో! అయినా ఆపలేదు. సవర పిల్లలకు సవరలోనే వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు నడిపారు.

1907 ప్రాంతంలో యేట్స్ అనే ఇంగ్లీషు దొర స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. పిల్లలు మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో తెలుగు మరొకటి కావడం ఆయనకు వింతగా తోచింది. ఎందుకలా అని గిడుగును అడిగారు. ఐరోపాలో అప్పటికే ఇంగ్లండుకు చెందిన హెన్రీ స్వీట్, డెన్మార్కుకు చెందిన యెస్పర్సన్ వంటివారు భాష నేర్పడం నోటి మాటతోనే మొదలవ్వాలని వాదిస్తున్నారు. గిడుగు ఆ శాస్త్రమంతా చదివారు. సవర బిడ్డకు ఇంటి మాటలో పాఠం దొరికింది, తెలుగు బిడ్డకు మాత్రం గ్రాంథికమే మిగిలింది. ఆయన్ని కదిలించింది ఈ తేడాయేనని నాకనిపిస్తుంది.

1911లో ఉద్యోగం విరమించాక పూర్తిగా ఉద్యమంలోకి దిగారు. 1919లో ‘తెలుగు’ పత్రిక పెట్టారు. సవర పనీ వదల్లేదు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు మాత్రం మనసొప్పక రాజమండ్రి వెళ్లిపోయారు. మనవాళ్లు చాలామంది ఇక్కడే ఉండిపోయారు. ఆయన 1940లో కన్నుమూశారు.

2007 ప్రాంతంలో ఒడిశా ప్రభుత్వం సవర, కువి వంటి భాషల్లో చిన్న తరగతుల పాఠాలు మొదలుపెట్టింది. మన దగ్గర ఒకటో తరగతికి వచ్చే బిడ్డ తెలుగులో దేశియా మాటలు కలిసి ఉంటాయి. వాటిని తప్పని కొట్టేసే ముందు, గిడుగు ఉంటే వాటిని నోట్‌బుక్కులో రాసుకునేవారు కదా అనుకుంటాను.