కర్రను విడదీసిన శాస్త్రవేత్త

పాత వార్తాపత్రికను ఎండలో ఉంచితే కొద్ది రోజులకే పచ్చబడుతుంది. మంచి నోటుపుస్తకపు కాగితం అంత త్వరగా పచ్చబడదు. కర్రలో ఉండే లిగ్నిన్ అనే పదార్థం వార్తాపత్రిక కాగితంలో చాలావరకు మిగిలిపోతుంది. నోటుపుస్తకపు కాగితంలో దానిని తీసివేస్తారు. కర్రను ఇలా విడదీయవచ్చునని చూపినవాడు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఆన్సెల్మ్ పాయెన్.

పాయెన్ 1795 జనవరి 6న పారిస్ నగరంలో జన్మించాడు. తండ్రికి రసాయన కర్మాగారాలు ఉండేవి. చిన్నతనంలో ఆయనే కుమారుడికి చదువు చెప్పాడు. 23 ఏళ్ల వయసుకే పాయెన్ ఒక వెలిగారం కర్మాగారాన్ని నడిపే బాధ్యత తీసుకున్నాడు. కంసాలులు బంగారం అతకడానికి వాడే వెలిగారమే ఇది. ఆ రోజులలో ఇది టిబెట్టు నుంచి మన దేశం మీదుగా ఐరోపాకు వెళ్లేది. అక్కడ దాని వ్యాపారమంతా డచ్చివారి చేతిలో ఉండేది. పాయెన్ ఇటలీలో దొరికే బోరికామ్లానికి సోడా కలిపి వెలిగారం తయారుచేశాడు. దానిని చౌకగా అమ్మేసరికి డచ్చివారి ఆధిపత్యం సడలిపోయింది.

తరువాత బీటుదుంప చక్కెరను ఎముకల బొగ్గుతో తెల్లబరచే పద్ధతిని వాడుకలోకి తెచ్చాడు. 1833లో పెర్సో అనే మిత్రుడితో కలిసి మొలకెత్తిన బార్లీ నుంచి డయాస్టేజ్‌ను వేరుచేశాడు. పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చేది అదే. మొలకెత్తిన గింజలు నమిలితే తియ్యగా ఉంటాయి కదా!

ఇక అసలు విషయం. కర్ర అంతా ఒకే పదార్థమని ఆనాడు చాలామంది తలచేవారు. పాయెన్‌కు ఆ మాట నచ్చలేదు. కర్రపొట్టును నత్రికామ్లంతోను, తరువాత క్షారంతోను శుద్ధి చేశాడు. కొంత భాగం కరిగిపోయింది. తెల్లని పీచు మిగిలింది. మరొక కర్ర తీసుకున్నాడు. మళ్లీ అదే పీచు వచ్చింది. దూదిని, లేత వేళ్ల కొసలను కూడా పరీక్షించాడు. అన్నింటిలోను ఒకే పదార్థం! దానిలోని మూలకాల పాళ్లు పిండిపదార్థంలోని పాళ్లతో సరిపోయాయి. 1838లో ఈ సంగతి లోకానికి తెలిపాడు. మొక్కల కణాల గోడలు దానితో ఏర్పడినవి కనుక దానికి సెల్యులోజ్ అనే పేరు వచ్చింది.

మరి కరిగిపోయినదేమిటి? అది పీచును కప్పి గట్టిపరచే పదార్థమని, దానిలో కర్బనం ఎక్కువని పాయెన్ గ్రహించాడు. అంతకుమించి ఆయన కాలంలో తెలియలేదు. లాటిన్ భాషలో కర్రను లిగ్నమ్ అంటారు. లిగ్నిన్ అనే పేరు దాని నుంచి వచ్చింది. ఫ్రెమీ వంటి శాస్త్రవేత్తలు పాయెన్‌తో విభేదించారు. సెల్యులోజ్ ఒకటి కాదు, చాలా రకాలు ఉన్నాయని వాదించారు. పాయెన్ తన మాట మార్చుకోలేదు. ఆ వాదం చాలాకాలం సాగింది.

1870లో ప్రష్యా సైన్యం పారిస్‌ను ముట్టడించింది. డెబ్బై అయిదేళ్ల పాయెన్ నగరం విడిచి వెళ్లలేదు. ఆకలితో ఉన్న జనానికి ఏయే వస్తువులు ఆహారంగా పనికివస్తాయో పరిశోధిస్తూ అక్కడే ఉన్నాడు. ముట్టడి ముగిసింది కాని నగరంలో అంతర్యుద్ధం మొదలైంది. ఆ కల్లోలంలోనే, 1871 మే నెలలో, ఆయన మరణించాడు.

తరువాతి కాలంలో కాగితపు మిల్లులు పెరిగాయి. వాటిలో కర్రముక్కలనో వెదురునో క్షారంలో ఉడికిస్తారు. లిగ్నిన్ కరిగి నల్లని ద్రవంగా బయటకు వస్తుంది. ఈనాటికీ దానిలో ఎక్కువ భాగాన్ని బాయిలర్లలో మండించి ఆవిరి పుట్టిస్తారు. కాని కొంత లిగ్నిన్ కాంక్రీటు కలపడానికి పనికివస్తోంది. జిగురుల తయారీలోను వాడుతున్నారు. 1930లలో దాని నుంచి వెనిలిన్ కూడా తీశారు. ఐస్‌క్రీమ్‌కు ఆ సువాసన ఇచ్చేది వెనిలినే.