కరవునాటి దీనబంధువు జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో పుట్టి పెరిగిన మనకు కరవు అనుమాట గ్రంథములు చూచి నేర్వవలసినది కాదు. మబ్బును నమ్మి విత్తనము చల్లుటయు, ఆ మబ్బు మోసగించినప్పుడు మూటముల్లె కట్టుకొని బెంగుళూరు దారి పట్టుటయు మన పెద్దలకును మనకును తెలిసిన సంగతులే. అట్టి కరవులలో మిక్కిలి ఘోరమైనది 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును దహించిన ధాత కరవు. నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో నున్న ఈ మూడు తావులును అప్పుడు బళ్లారి జిల్లాలో చేరియుండెను. అనంతపురము వేరు జిల్లా యగుట 1882లో జరిగినది. ఆ కరవువాత బడిన సీమలలో బళ్లారి జిల్లా ముందు వరుసలోనిది. కూలివానికి పని లేదు. సాలెవాని మగ్గముమీది కోకను కొనువారు లేరు. బావులెండిపోగా, కపిలకు తోలు బొక్కెన కుట్టించుకొను రైతు లేక మన మాదిగ కులస్థుల చేతిపనియు నిలిచిపోయెను.

ఆ కరవులోనే, మనకు దూరమున తూర్పుతీరమందు, ఒంగోలు సీమలో మన కులమువారి పక్షమున నిలిచిన మహనీయుడొకడు గలడు. ఆయన జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు. మన మహాసభలో దేవాలయమునకు పోవువారును గలరు, క్రైస్తవాలయమునకు పోవువారును గలరు. ఇరుదెగలవారును తెలిసికొనదగిన చరిత్ర యగుటచే దీనిని ఈ సంచికలో పొందుపఱచుచున్నాము.

క్లౌ దొరగారు 1836వ సంవత్సరము జూలై 16వ తేదీన అమెరికా దేశమున న్యూయార్కు రాష్ట్రములోని ఫ్రూస్‌బర్గు అను గ్రామమున జన్మించెను. బాల్యముననే కుటుంబము పడమటి సీమలకు తరలిపోయెను. యౌవనమున ఆయన భూమిని కొలుచు సర్వే ఉద్యోగుల వెంట గొలుసు పట్టి అడవులలో తిరిగెను. ఆ విద్య చాల యేండ్ల తరువాత తెలుగుదేశమున వేలమంది ప్రాణములు నిలుపుటకు పనికి వచ్చునని అప్పుడెవరు తలంపగలరు? అయోవా రాష్ట్రమున విద్య ముగించి, అమెరికను బాప్టిస్టు సంఘమువారి పక్షమున 1864 నవంబరులో బోస్టను రేవున తెరచాప ఓడ నెక్కి, 1865 ఏప్రిలులో చెన్నపట్టణము చేరి, నెల్లూరున తెలుగు నేర్చెను. 1866లో ఒంగోలునకు కాపురము వచ్చెను. 1867 జనవరి 1వ తేదీన ఆయన స్థాపించిన సంఘమునందు సభ్యులు 8 మంది మాత్రమే.

ఒంగోలునకు పడమట సుమారు 40 మైళ్ల దూరమున ఎర్రగుంట్ల పేరయ్యగారను మాదిగ పెద్ద యుండెను. తోళ్ల వర్తకము ఆయన వృత్తి. ఆయన చదువుకొన్నవాడు కాడు. కాని రాజయోగమార్గమున గురువుల నాశ్రయించి, పరమాత్మను వెదకుచు ఏండ్లు గడపిన సాధకుడు. వర్తకమునకై తిరుగుచు క్రైస్తవబోధ విని, 1866లో బాప్తిస్మము పొంది, తన బంధువుల కెల్ల దానిని బోధించెను. క్లౌ దొరగారు 1867 జనవరిలో ఆ గ్రామమునకు పోవు నాటికే అచ్చట జనులు కాచుకొని యుండిరి. అప్పుడు 28 మంది బాప్తిస్మము పొందిరి. కావున ఆ ఉద్యమమునకు విత్తనము చల్లినవాడు మనవాడే గాని దొర కాడని మనము మఱువరాదు.

ఇచ్చట దొరగారికి గొప్ప పరీక్ష కలిగెను. ఆ తొలి దినములలో ఒంగోలులోని పై కులముల గృహస్థులును వారి పిల్లలును ఆయన బోధయందు ఆసక్తి జూపుచుండిరి. మాదిగవారిని చేర్చుకొన్నయెడల తాము రాజాలమని వారు స్పష్టముగ తెలిపిరి. చదువు, ధనము, పలుకుబడి ఒకవైపు. చెప్పులు కుట్టు చేతులు మఱియొకవైపు. దొరగారును ఆయన భార్య హారియెట్ దొరసానిగారును వేర్వేరు గదులలో కూర్చుండి వేదగ్రంథమును తెఱవగా, ఇరువురికిని ఒకే భాగము కంటబడెనని ఆ కుటుంబ చరిత్ర చెప్పుచున్నది. అది కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికయందు, లోకము నీచముగ నెంచినవారినే దేవుడేర్పఱచుకొనెనని పౌలు తెలుపు తావు. వారి సందేహము తీఱెను. మాదిగవారు లోనికి వచ్చిరి. పై కులముల బాలురు బడి విడిచిపోయిరి. ఆ నష్టమును దొరగారు సహించెను.

పల్లెలలో దీని ఫలము కఠినముగ నుండెను. ఆదివారము పని మానుట, చచ్చిన పశువుల మాంసము తినకుండుట, విగ్రహములను కొలువకుండుట అను మూడు నియమములను క్రొత్త సంఘమువారు పాటించిరి. జాతరలో డప్పు కొట్టనన్నవానికి ఊరివారు పని నియ్యలేదు, నీళ్లు ముట్టనియ్యలేదు. దొరగారు అధికారుల యొద్ద వారి పక్షమున వాదించుచు వచ్చెను.

అంతలో ధాత కరవు వచ్చెను. దొరతనమువారు పనులు పెట్టిరి గాని, 1877 ఆరంభమున కూలివాని దినబత్తెమును ఒక పౌను ధాన్యమునకు తగ్గించిరి. కష్టించువాని కడుపున కది చాలదయ్యెను. అంతేగాక, పనులపై నియమింపబడిన పై కులముల మేస్త్రీలక్రింద అంటరానివాని గతి యేమగునో మనకు వేఱుగ చెప్పనక్కఱలేదు. అప్పుడు క్లౌ దొరగారు బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకమును తానే కంట్రాక్టుగ పుచ్చుకొనెను. చిన్ననాటి సర్వే విద్య ఇచ్చట అక్కఱకు వచ్చెను. ఒంగోలు సీమలో రాజుపాలెము దగ్గర పాక లెత్తించి, తన బోధకులనే మేస్త్రీలుగ నియమించెను. ఒకేమారు సుమారు 3,000 మంది పని చేయుచుండిరి. కులభేదము లేక పనికి తగిన కూలి ముట్టుచుండెను. మధ్యాహ్నపు విరామమున బోధకులు తట్టలు మోసి అలసినవారి చెంత కూర్చుండి ఓదార్పు చెప్పుచుండిరి. ఆకలిగొన్నవానికి చేయి చాపి యడుగు దుస్థితి తప్పించి, చెమటోడ్చి తినునట్లు చేయుటయే ఆ ధర్మమునందలి ఘనత. పనిచేయజాలని ముసలివారికిని రోగులకును విరాళముల ధనము వేఱుగ పంచబడెను.

ఈ చరిత్రలో ముఖ్యమైన సంగతి యిక వచ్చుచున్నది. కరవులో వేలమంది బాప్తిస్మము కోరిరి. కూటికొఱకు మతము పుచ్చుకొన్నారను నింద మన పెద్దలపై నాడును గలదు, నేడును గలదు. క్లౌ దొరగారు ఆ నిందకు తావియ్యలేదు. కరవు సాగినంతకాలము, సుమారు 15 నెలలు, ఆయన ఒక్కరికైనను బాప్తిస్మ మియ్యక నిలిపివేసెను. అన్నము పెట్టు చేయి, ఆ అన్నమునకు వెలగా ఆత్మను అడుగరాదని ఆయన నిశ్చయము. తన సంఘము పెరుగుట కంటె ఆకలిగొన్నవాని గౌరవము పెద్దదని తలంచిన బోధకుడాయన.

వానలు కురిసి, సహాయధనము ముగిసి, ఇక నియ్యదగినది లేదని చాటిన పిమ్మట గూడ జనులు మరలిపోలేదు. తమకు ధాన్యమక్కఱలేదనియు, చేర్చుకొన్న చాలుననియు వేడుకొనిరి. 1878 జూలై నెలలో గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి వద్ద మూడు దినములలో 3,536 మంది బాప్తిస్మము పొందిరి. అందు 3వ తేదీ నొక్కనాడే 2,222 మంది. ఆ దినమున దొరగారు నీటిలోనికి దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులే, ఇద్దరు చొప్పున వంతులవారీగ, ఆ కార్యమును నెఱవేర్చిరి. కూటి కొఱకే వచ్చినవారైనచో, కూడు పంచుట ముగిసిన పిమ్మట ఏల వచ్చిరి? నింద మోపువారు దీనికి సమాధానము చెప్పవలెను.

అటుపిమ్మట బడులు పెరిగెను, ఉన్నతవిద్య వచ్చెను. హారియెట్ దొరసానిగారు 1893లో గతించిరి. మఱుసటి యేట వివాహమాడిన ఎమ్మా రౌషెన్‌బుష్ దొరసానిగారు మాదిగవారి నోటనే వారి కథలు విని, 1899లో గ్రంథముగ ప్రకటించిరి. మనవారి పేళ్లు అట్లు అచ్చున నిలిచినవి. క్లౌ దొరగారు 1910 నవంబరులో న్యూయార్కు రాష్ట్రమున రాచెస్టరు నగరమందు కాలధర్మము నొందెను. ఆయన పేర ఒంగోలులో వైద్యశాల వెలసినది.

బాప్తిస్మముతో కులభేదము మాసిపోయెనని మేము చెప్పజాలము. సంఘములలోపల గూడ అది మిగిలియున్నదని అందఱెఱిగినదే. అయినను విశ్వాసమునకు గుర్తు దీనులయెడ చూపు బాధ్యతయే యని ఆ కాలువగట్టు సాక్ష్యమిచ్చినది. మన సీమయందును దానికి దృష్టాంతము లేకపోలేదు. 1969లో అనంతపురమునకు వచ్చిన విన్సెంట్ ఫెర్రర్‌గారు బీదలకు చేసిన సేవకు ధర్మవరము చెంతనున్న బత్తలపల్లి వైద్యశాలయే నిదర్శనము. 2009లో గతించిన ఆయన భౌతికకాయము ఆ ఊరనే విశ్రమించుచున్నది.

కావున సోదరులారా, సోదరీమణులారా, ఏ మతమువారమైనను మన సంఘము విద్యార్థికి వేతన మిచ్చునపుడు, రోగికి మందు కొనియిచ్చునపుడు, వాని గుడి యేదియని అడుగకుందము. ఇచ్చినదానికి కృతజ్ఞతను గూడ అడుగకుందము. క్లౌ దొరగారికి మనము చెల్లింపగల ఋణ మదియే.