మన తొలి కెప్టెన్ కల్నల్ సి. కె. నాయుడు

శుక్రవారం సెలవునాడు ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ప్రాంతంలో ఏ తెలుగువారి ఇంట నలుగురు చేరినా కాఫీలు ముగిసేలోగా సంభాషణ క్రికెట్టు మీదికి మళ్ళడం మామూలే. ఆ సంభాషణ కాసేపటికే ప్రశ్నల పోటీగా మారుతుంది. ఒకరు ఏ సంవత్సరంలో అని అడిగితే మరొకరు ఎన్ని పరుగులు అని అడుగుతారు. అమెరికాలో స్థిరపడిన మన బంధువుల పిల్లలు బేస్‌బాల్ గురించి ఇదేవిధంగా పోటీ పడతారు. బేబ్ రూత్ ఒక్క సీజనులో 60 హోమ్ రన్లు కొట్టినది ఏ ఏట అంటే 1927 అని తడుముకోకుండా చెబుతారు. అభిమానుల లోకం ఎక్కడైనా ఒకటే.

అయితే ఒక్క ప్రశ్న. భారతదేశపు మొట్టమొదటి టెస్టు కెప్టెన్ ఎవరు? దీనికి సి. కె. నాయుడు అన్న జవాబు చాలామంది నోట వెంటనే వస్తుంది. ఆ రెండక్షరాలలో సి అంటే ఏమిటి అని అడిగితే మాత్రం చాలా ఇళ్ళలో మౌనమే సమాధానం. సి అంటే కొట్టారి. అది ఆయన ఇంటిపేరు. పేరుకు ముందు ఇంటిపేరు నిలబెట్టుకునే మన ఆచారం ప్రకారం ఆయన కొట్టారి కనకయ్య నాయుడు. భారత క్రికెట్టు చరిత్రలో తొలి పేజీ మీద ఉన్న ఆ పొడి అక్షరం ఒక తెలుగు ఇంటిపేరు అని మన పిల్లలలో ఎందరికి తెలుసు?

తెలుగునేలకు దూరంగా పుట్టిన తెలుగువాడు

నాయుడుగారు 1895 అక్టోబరు 31న నాగపూరులో జన్మించారు. వారి పూర్వీకులది మచిలీపట్నం ప్రాంతమనీ, తరాల క్రితమే ఆ కుటుంబం తావులు మారుతూ నాగపూరు చేరిందనీ చెబుతారు. తాతగారు నారాయణస్వామి నాయుడు నాగపూరులో పేరున్న న్యాయవాది, భూస్వామి. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడు కేంబ్రిడ్జిలో చదివిన న్యాయశాస్త్రవేత్త. అంటే సి. కె. మనవలెనే ప్రవాసాంధ్రుడు. ఉపాధికోసం ఊరు విడిచినవారి సంతానం. ఆయన చదువు, ఆట, ఉద్యోగం అన్నీ మాతృభాషా ప్రాంతానికి ఆవలనే సాగాయి.

ఇక్కడ ఒక సరదా ప్రశ్న. అదే 1895లో, ఫిబ్రవరి 6న, అమెరికాలోని బాల్టిమోరులో పుట్టిన ఆటగాడెవరు? ఆయనే బేబ్ రూత్. ఒకే సంవత్సరంలో పుట్టిన ఈ ఇద్దరూ తమతమ దేశాలలో బంతిని మైదానం దాటించడాన్ని ఒక ప్రజా ఉత్సవంగా మార్చివేశారు. వారు బ్యాటుతో మైదానంలోకి దిగుతున్నారంటే ఆఫీసులు వదిలి జనం వచ్చేవారు.

నాగపూరులోని హిస్లాప్ స్కూలులో చదివే రోజులలోనే సి. కె. ఆటకు పేరు వచ్చింది. 1916లో బొంబాయి క్వాడ్రాంగ్యులర్ పోటీలలో హిందూ జట్టు తరఫున యూరోపియన్లపై ఆడి ప్రథమశ్రేణి క్రికెట్టులో అడుగుపెట్టారు. తన జట్టు కష్టాలలో ఉన్న సమయాన క్రీజులోకి వచ్చి, మూడు బంతులను అడ్డుకొని, నాలుగో బంతిని సిక్సరుగా మలిచారని చెప్పుకుంటారు. ఆరడుగులు దాటిన ఎత్తు, నిటారైన నడక, చేతులు బారసాచి నేరుగా కొట్టే దెబ్బ ఆయన గుర్తులు.

1923లో ఇందూరు మహారాజు తుకోజీరావు హోల్కర్ ఆయనను తన సంస్థానానికి పిలిపించి సైన్యంలో ఉద్యోగమిచ్చారు. పేరు ముందు కల్నల్ అన్న బిరుదు అలా వచ్చినదే. ఇందూరే ఆయనకు జీవితాంతం నివాసమైంది.

116 నిమిషాలు

నాయుడుగారి పేరు దేశమంతటా మారుమోగిన రోజు 1926 డిసెంబరు 1. ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వాన వచ్చిన ఎం. సి. సి. జట్టుపై బొంబాయి జింఖానా మైదానంలో హిందూ జట్టు ఆడుతున్నది. ఆనాడు సి. కె. 116 నిమిషాలలో 153 పరుగులు చేశారు. అందులో సిక్సర్లు 11. ఒక బంతి జింఖానా కప్పు మీద పడింది. వార్త నగరంలో పాకేకొద్దీ మైదానం చుట్టూ జనం పెరిగారనీ, చెట్లమీదా మేడలమీదా కూడా చోటు లేకపోయిందనీ అంటారు. ప్రత్యర్థులైన ఎం. సి. సి. వారే ఆ ఇన్నింగ్స్‌ను మెచ్చి ఆయనకు వెండి బ్యాటును బహూకరించారు.

ఈ ఇన్నింగ్స్ వల్లనే మన దేశానికి టెస్టు హోదా దక్కిందని కొందరు పోటీలలో జవాబు చెబుతారు. అంత సూటిగా చెప్పడం సరికాదు. టెస్టులాడే దేశాల సమావేశంలోకి భారతదేశాన్ని ఆహ్వానించడం ఆ ఏడాది మధ్యలోనే జరిగిపోయింది. అయితే పరాయి పాలనలో ఉన్న ప్రజలకు, పాలకుల ఆటలో పాలకులతో సమంగా నిలబడగలమన్న ధైర్యం ఆ 116 నిమిషాలలో కలిగింది. గిల్లిగన్ ప్రోత్సాహంతో మన క్రికెట్టు పెద్దలు కదిలారు. 1928 డిసెంబరులో భారత క్రికెట్ కంట్రోల్ బోర్డు ఏర్పడింది.

రాజుల జట్టుకు నాయుడు నాయకత్వం

1932లో అఖిల భారత జట్టు ఇంగ్లండుకు ప్రయాణమైంది. కెప్టెన్ పోరుబందరు మహారాజు. వైస్ కెప్టెన్ లింబ్డీ రాజకుమారుడు ఘనశ్యామ్‌సింహ్‌జీ. ఆ కాలంలో జట్టును నడపడం సంస్థానాధీశుల హక్కు. అయితే పోరుబందరు మహారాజు తన ఆటకున్న పరిమితిని తానే గుర్తించి టెస్టు మ్యాచికి తప్పుకున్నారు. అది ఆయన గొప్పతనం. లింబ్డీవారికి గాయమైంది. అలా నాయకత్వం నాయుడుగారికి వచ్చింది. రాజవంశీయుడు కాని మనిషి కింద ఆడడానికి జట్టులో కొందరు ససేమిరా అన్నారనీ, పెద్దలు గట్టిగా చెబితేనే దారికి వచ్చారనీ ఆనాటి కథనాలు తెలుపుతున్నాయి.

1932 జూన్ 25న లార్డ్స్ మైదానంలో భారతదేశం తన తొలి టెస్టు ఆడింది. అప్పటికి నాయుడుగారి వయస్సు 36. ఇంగ్లండుకు డగ్లస్ జార్డీన్ కెప్టెన్. ఇన్నింగ్స్ ప్రారంభించిన హోమ్స్, సట్‌క్లిఫ్ అంతకు పది రోజుల ముందే యార్క్‌షైరు తరఫున 555 పరుగుల భాగస్వామ్యం చేసినవారు. అటువంటి జంటను మహమ్మద్ నిస్సార్ బౌల్డ్ చేయగా, వూలీని లాల్ సింగ్ రనౌట్ చేశాడు. ఇంగ్లండు 19 పరుగులకు 3 వికెట్లు కోల్పోయింది. ఈ లాల్ సింగ్ పుట్టింది కౌలాలంపూరులో. మనవంటి ప్రవాసుల పిల్లలకు చెప్పదగిన సంగతి ఇది.

ఆ మ్యాచిలో ఫీల్డింగ్ చేస్తుండగా నాయుడుగారి చేతికి గట్టి దెబ్బ తగిలింది. ఆ చేతితోనే బ్యాటింగుకు వచ్చి 40 పరుగులు చేశారు. మన తొలి ఇన్నింగ్స్‌లో అదే అత్యధికం. జట్టు 158 పరుగుల తేడాతో ఓడిపోయినా, మనవారు ఆట నేర్చుకోవడానికి రాలేదనీ ఆడడానికే వచ్చారనీ ఇంగ్లండు ప్రేక్షకులకు అర్థమైంది. ఆ పర్యటనలో ప్రథమశ్రేణి మ్యాచిలలో సి. కె. 1,618 పరుగులు, 65 వికెట్లు సాధించారు. ఆయన కొట్టిన సిక్సర్లు 32. మరుసటి సంవత్సరం విజ్డెన్ వార్షికసంచిక ఎన్నుకున్న అయిదుగురు ఆటగాళ్ళలో ఆయన ఒకరు. అంతకుముందు రంజీ, దులీప్, పటౌడీలకు ఆ గౌరవం దక్కినా వారు ఇంగ్లండుకు ఆడినవారు. భారతదేశానికి ఆడి దానిని పొందినవారిలో మొదటివారు నాయుడుగారే.

క్విజ్ పోటీలలో తప్పకుండా వినిపించే మరొక ప్రశ్న ఉంది. బంతిని ఒక కౌంటీ నుంచి మరొక కౌంటీలోకి కొట్టిన భారతీయుడు ఎవరు? ఎడ్జ్‌బాస్టన్ మైదానం పక్కన రీ అనే చిన్న నది ఉంది. ఒకప్పుడు వార్విక్‌షైరుకూ వూస్టర్‌షైరుకూ అదే సరిహద్దు. 1932లో వార్విక్‌షైరుపై 162 పరుగులు చేసిన మ్యాచిలో సి. కె. కొట్టిన ఒక సిక్సరు ఆ నదిని దాటిందంటారు. అదే సంవత్సరం అక్టోబరులో బేబ్ రూత్ వేలెత్తి చూపిన వైపుకే హోమ్ రన్ కొట్టాడని అమెరికాలో చెప్పుకుంటారు. నిజమెంత, కల్పన ఎంత అని అక్కడ ఇప్పటికీ వాదులాడుకుంటూనే ఉన్నారు. ఇటువంటి కథలు పుట్టడానికి కూడా మనిషిలో కొంత సత్తువ ఉండాలి!

పదవి పోయినా పట్టు తప్పలేదు

1933 డిసెంబరులో బొంబాయిలో మన గడ్డమీద తొలి టెస్టు జరిగింది. రెండో ఇన్నింగ్స్‌లో లాలా అమర్‌నాథ్ 118 పరుగులు చేసి భారతదేశపు తొలి టెస్టు శతకం సాధించారు. ఆ సమయాన అవతలి కొసన అండగా నిలిచి 67 పరుగులు చేసినది కెప్టెన్ నాయుడే. ఆ సిరీస్ మూడు టెస్టులకూ ఆయనే నాయకుడు. రెండు ఓడి, ఒకటి డ్రా చేసుకున్నాము.

1936 పర్యటనకు మాత్రం నాయకత్వం విజయనగర రాజకుటుంబానికి చెందిన విజ్జీకి వెళ్ళింది. ఆ జట్టులోనే మద్రాసు తెలుగు కుటుంబానికి చెందిన కోటా రామస్వామి కూడా ఉన్నారు. ఆయన 1922లో డేవిస్ కప్ టెన్నిస్ ఆడి, ఇప్పుడు నలభయ్యో ఏట టెస్టు క్రికెట్టు ఆడిన అరుదైన వ్యక్తి. పలువురు తెలుగువారున్నా జట్టులో సఖ్యత లేదు. మూడు టెస్టులలో కలిపి విజ్జీ చేసిన పరుగులు 33. నాయుడుగారిని అందరి ముందూ అవమానించినందుకు బహుమానంగా ఒక ఆటగాడికి టెస్టులో చోటు దొరికిందన్న కథ కూడా ప్రచారంలో ఉంది.

ఆ పరిస్థితిలో మరొకరైతే మనసు విరిగి ఊరుకునేవారే. ఓవల్‌లో జరిగిన ఆఖరి టెస్టులో జట్టు ఫాలో ఆన్ ఆడవలసి వచ్చింది. గబ్బీ ఆలెన్ వేసిన వేగవంతమైన బంతి దెబ్బ ఒంటికి తగిలినా సి. కె. తగ్గక 81 పరుగులు చేసి ఇన్నింగ్స్ ఓటమి తప్పించారు. అదే ఆయన చివరి టెస్టు. టెస్టులలో ఆయన అత్యధిక స్కోరు కూడా అదే. మొత్తం 7 టెస్టులు, 350 పరుగులు, 25 సగటు. ఈ అంకెలు చూసి ఇంతేనా అనే కుర్రవాళ్ళున్నారు. ముప్పయ్యారేళ్ళు నిండేవరకు ఆడడానికి టెస్టే లేని మనిషికి సగటు లెక్కలతో కొలత ఎలా కుదురుతుంది? ప్రథమశ్రేణిలో ఆయన 207 మ్యాచులు ఆడి 11,825 పరుగులు చేశారు. 26 శతకాలు సాధించి, 411 వికెట్లు తీశారు.

వయస్సుకు లొంగని ఆట

టెస్టుల తర్వాత ఆయన హోల్కర్ జట్టును తీర్చిదిద్దారు. ముస్తాక్ అలీ, సర్వటే, నింబాల్కర్ వంటి ఆటగాళ్ళతో ఆ జట్టు 4 సార్లు రంజీ ట్రోఫీ గెలిచింది. క్రమశిక్షణలో కల్నల్‌గారు నిజంగా కల్నలే. దెబ్బ తగిలితే తడుముకోవడం ఆయనకు గిట్టేది కాదట. ఫడ్కర్ వేసిన బంతికి ముందుపళ్ళు రెండు ఊడిపడినా బ్యాటింగ్ ఆపలేదంటారు. 1945-46 రంజీ ఫైనలులో బరోడాపై 200 పరుగులు చేసేనాటికి ఆయన వయస్సు 50.

ఆయన తమ్ముడు సి. ఎస్. నాయుడు కూడా టెస్టు ఆటగాడే. 1944-45 రంజీ ఫైనలులో బొంబాయిపై ఒకే మ్యాచిలో 917 బంతులు వేసిన లెగ్ స్పిన్నరు. ఒక మ్యాచిలో ఇన్ని బంతులు వేసినవారు మరొకరు లేరు. కుమార్తె చంద్రా నాయుడు మన దేశంలో క్రికెట్టు వ్యాఖ్యానం చేసిన తొలి మహిళగా పేరు పొందారు. ఆమె 2021లో దివంగతులయ్యారు.

ఇప్పుడు మనవారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన ప్రశ్న. ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ ట్రోఫీలో ఆడినప్పుడు కెప్టెన్ ఎవరు? 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ 1953-54 సీజనులోనే ఆంధ్ర జట్టు రంజీలో ప్రవేశించింది. దానికి నాయకత్వం వహించినవారు 58 ఏళ్ళ సి. కె. నాయుడు. నాగపూరులో పుట్టి ఇందూరులో స్థిరపడిన ఆ పెద్దమనిషి, పూర్వీకుల నేల పేరున ఒక జట్టు నిలబడుతున్న వేళ దాని ముందు నడిచారు. దూరదేశాలలో ఉన్న మనకు ఆ ఒక్క సంగతి చాలు.

1956లో ఆయనకు పద్మభూషణ్ లభించింది. 1956-57లో, అరవై దాటిన వయస్సులో ఉత్తరప్రదేశ్ తరఫున రంజీ ఆడారు. 1963-64లో 68వ ఏట ఒక సహాయనిధి మ్యాచిలో చివరిసారి ప్రథమశ్రేణి మైదానంలో దిగారు. మొదటి మ్యాచికీ చివరి మ్యాచికీ మధ్య 47 సంవత్సరాలు! 1967 నవంబరు 14న ఇందూరులో కన్నుమూశారు. భారత క్రికెట్ బోర్డు 1994 నుంచి ఇస్తున్న జీవిత సాఫల్య పురస్కారం ఆయన పేరు మీదనే ఉంది. దానిని మొదట అందుకున్నవారు లాలా అమర్‌నాథ్. యువ ఆటగాళ్ళ జాతీయ పోటీకి కూడా కల్నల్ సి. కె. నాయుడు ట్రోఫీ అనే పేరు.

నాగపూరు ఆయనను తనవాడంటుంది. ఇందూరు తనవాడంటుంది. అది న్యాయమే. మనం కూడా అనాలంటే ఆ జీవితం మనకు తెలిసి ఉండాలి. ఈ ఉత్సవాలలో జరిగే క్విజ్ పోటీలో ఎవరైనా మన పిల్లలను భారతదేశపు తొలి టెస్టు కెప్టెన్ ఎవరని అడిగితే, వారు పొడి అక్షరాలతో ఆపకుండా, కొట్టారి కనకయ్య నాయుడు అని పూర్తి పేరు చెప్పగలగాలి. ఆ మహనీయునికి మనమర్పించగల నివాళి అదే.