గ్రహణం విడిచినా సూర్యుణ్ణి విడువని జాన్సెన్
గుంటూరు: 1868 ఆగస్టు 18వ తేదీ ఉదయం గుంటూరు ఆకాశాన సూర్యబింబం ఐదు నిమిషాలకు పైగా పూర్తిగా మరుగైపోయింది. ఆ ఐదు నిమిషాల కోసమే సముద్రాలు దాటి వచ్చిన ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్ జాన్సెన్, గ్రహణం విడిచిన పిమ్మట చేసిన పనితోనే ఖగోళశాస్త్ర చరిత్రలో నిలిచిపోయారు. ఆ పని జరిగింది గుంటూరులోనే అన్న సంగతి పట్టణంలోనే చాలామందికి తెలియదు.

జాన్సెన్ 1824 ఫిబ్రవరి 22న పారిస్‌లో జన్మించారు. తండ్రి సంగీతకారుడు. చిన్ననాట జరిగిన ప్రమాదం వల్ల కాలు అవిటిదై, జీవితాంతం కుంటుతూనే నడిచారు. బడికి వెళ్లే భాగ్యం కలుగలేదు. కుటుంబ పరిస్థితుల వల్ల కొన్నేళ్లు బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి, ఆ తరువాతే పట్టాలు సంపాదించారు. 1857లో భూమి అయస్కాంత మధ్యరేఖను గుర్తించే పనిపై పెరూ దేశం వెళ్లి, జబ్బుపడి తిరిగి వచ్చారు. కాంతిని రంగులుగా విడదీసి చూపే వర్ణపటదర్శిని అప్పటికి కొత్త సాధనం. దానిని చేపట్టి, సూర్యకాంతిలో కనిపించే నల్లగీతలలో కొన్ని సూర్యునివి కావనీ, మన భూవాతావరణం వల్ల ఏర్పడినవనీ ఆయన నిరూపించారు.

1868 గ్రహణానికి మచిలీపట్నం కూడా అనువైనదే. మద్రాసు వేధశాలకు చెందిన పోగ్సన్ అక్కడే మకాం వేశారు. తీరంలో మంచు, మబ్బులు అడ్డు రాగలవని శంకించిన జాన్సెన్ మాత్రం లోనికి జరిగి గుంటూరును ఎంచుకున్నారు. అప్పటికి గుంటూరు జిల్లా కేంద్రం కూడా కాదు. 1859లో రద్దయిన జిల్లా మళ్లీ ఏర్పడింది 1904లోనే. పట్టణంలో వ్యాపారం చేసుకుంటున్న ఒక ఫ్రెంచి వర్తకుని ఇంట ఆయన బస, పరికరాలు అమర్చుకున్నారు. మేజర్ టెనంట్ నాయకత్వంలోని బ్రిటిష్ బృందం కూడా గుంటూరుకే వచ్చింది.

సూర్యుడు కనుమరుగు కాగానే నల్లని బింబం అంచున ఎర్రని సౌరజ్వాలలు లేచి కనిపించాయి. ఒకదాని ఎత్తు భూమి వ్యాసానికి సుమారు పదింతలు. వర్ణపటదర్శినిలో అవి కొన్ని ప్రకాశవంతమైన గీతలుగా విడిపోయాయి. అవి మండుతున్న వాయువులనీ, వాటిలో హైడ్రోజన్ ముఖ్యమైనదనీ తేలిపోయింది. అయితే ఆ గీతల వెలుగు చూసిన జాన్సెన్‌కు మరో ఆలోచన తట్టింది. ఇంత కాంతివంతమైనవి గ్రహణం లేనప్పుడు మాత్రం ఎందుకు కనిపించకూడదు? ఆ రోజంతా మబ్బులు కమ్మడంతో పరీక్షించే వీలు చిక్కలేదు. మరునాడు, 19వ తేదీ ఉదయం, పరికరం చీలికను సూర్యుని అంచు వెలుపల నిలిపి చూడగా గీతలు కనిపించనే కనిపించాయి.

ఇందులోని కిటుకు సులువైనదే. ఆకాశంలో చెదిరిన సూర్యకాంతి అన్ని రంగుల మీదుగా పరచుకుని పలుచబడుతుంది. జ్వాల కాంతి మాత్రం కొద్ది గీతలలోనే పోగుపడి ఉంటుంది కనుక చెక్కుచెదరదు. సెప్టెంబరు 4 దాకా, పదిహేడు రోజులపాటు, ఆయన గుంటూరులో ప్రతిదినం గ్రహణం చూసినంత పని చేశారు. జ్వాలలు గంటల వ్యవధిలో రూపు మార్చుకుంటాయని గమనించారు. ఫలితాలను సెప్టెంబరు 19న కాకినాడ నుంచి ఉత్తరంలో రాశారు. అది పారిస్ చేరేసరికి అక్టోబరు నెలాఖరు. సరిగ్గా అప్పుడే ఇంగ్లాండులో నార్మన్ లాకయర్ కూడా స్వతంత్రంగా ఇదే పద్ధతి కనుగొన్నట్లు కబురు అందింది. ఎవరు ముందన్న తగవు పెట్టుకోకుండా ఫ్రాన్స్ ప్రభుత్వం ఇద్దరి రూపాలూ ముద్రించిన పతకం వెలువరించింది.

గుంటూరులో జాన్సెన్ హీలియంను కనుగొన్నారన్న మాట తరచుగా వినవస్తుంది. ఇది సరికాదు. సోడియంకు చెందని పసుపుపచ్చ గీతను విడిగా గుర్తించి, కొత్త మూలకం కావచ్చునని ఊహించింది లాకయర్. భూమిపై హీలియం 1895లో రామ్సే చేతికి చిక్కింది. గ్రహణాల కోసం ఏళ్ల తరబడి కాచుకునే అవసరాన్ని తప్పించడమే జాన్సెన్ ఘనత. అది హీలియం కంటే చిన్నదేమీ కాదు.

1870 డిసెంబరులో జర్మన్ సేనలు పారిస్‌ను ముట్టడించి ఉండగా, ఆల్జీరియాలో కనిపించే గ్రహణం కోసం ఆయన బెలూన్ ఎక్కి నగరం దాటారు. తీరా అక్కడ మబ్బు పట్టింది. మరుసటి సంవత్సరం నీలగిరిలో ఆకాశం కరుణించింది. 1874లో శుక్రుని సంక్రమణం చూడడానికి జపాన్ వెళ్లారు.

పారిస్ సమీపంలోని మ్యూడాన్‌లో, యుద్ధంలో కాలిపోయిన రాజసౌధపు శిథిలాలలో ఆయన వేధశాల నెలకొల్పారు. 1876 నుంచి అక్కడ సూర్యుని ఛాయాచిత్రాలు వేలాదిగా తీయించారు. సూర్యమచ్చలు సుమారు పదేళ్లకొకసారి పెరిగి తరుగుతాయని జర్మనీకి చెందిన ష్వాబే 1843లోనే తేల్చారు. జాన్సెన్ చిత్రాలు అటువంటి ఆవృత్తులు రెండింటికి పైగా సాగాయి. మచ్చల మధ్య సూర్యుని ఉపరితలమంతా బియ్యపు గింజలు పరచినట్లుండే తీరు కూడా వాటిలో స్పష్టంగా పడింది. ఎంపిక చేసిన చిత్రాలు 1904లో సంపుటంగా వెలువడ్డాయి. ఏడు పదుల వయసు దగ్గరపడినా నడవలేని ఆ మనిషి, కూలీలు లాగే బండిపై మంచుకొండ మాంట్ బ్లాంక్ ఎక్కి, శిఖరాన మరో వేధశాల కట్టించారు.

1907 డిసెంబరు 23న ఆయన మ్యూడాన్‌లో కన్నుమూశారు. సూర్యమచ్చలు ప్రబల అయస్కాంత క్షేత్రాలని అమెరికాలో జార్జి హేల్ నిరూపించింది ఆ మరుసటి సంవత్సరమే. గుంటూరులో కనిపించిన ఎర్రని జ్వాలలను సూర్యునిపై అంతెత్తున నిలిపేదీ ఆ అయస్కాంత శక్తే.