పట్టా పుచ్చుకోని సంపాదకులు చిర్రావూరి యజ్ఞేశ్వర చింతామణి

పత్రికారచన నేర్వదలచి విశ్వవిద్యాలయంలో కొత్తగా అడుగుపెట్టే పేద విద్యార్థికి ఎటువంటి సహాయం, ఏ సమయంలో అందాలో తెలుసుకొనగోరేవారు సర్ సి. వై. చింతామణిగారి జీవితాన్ని ఒకసారి పరిశీలించవలసిందని మా మనవి. ఉత్తర హిందూస్థానంలో ఆయన పేరు ఎరుగని పత్రికా పాఠకుడు ఆ రోజుల్లో లేడు. ఆయన పుట్టిన విజయనగరంలోనే నేటి విద్యార్థులకు ఆ పేరు అంతగా తెలియకపోవడం విచారకరం.

చింతామణిగారు 1880 ఏప్రిల్ 10వ తేదీన, ఉగాది పర్వదినాన, విజయనగరంలో సంప్రదాయ కుటుంబంలో జన్మించారు. అంతకు ముందు సంవత్సరమే అక్కడి మహారాజావారి పాఠశాల కళాశాల స్థాయికి ఎదిగింది. ఆయన చదివింది ఆ విద్యాలయంలోనే. అయితే పట్టా పుచ్చుకునే దాకా ఆ చదువు సాగలేదు. పద్ధెనిమిదేళ్ళ ప్రాయంలోనే విశాఖపట్టణపు ఇంగ్లీషు పత్రిక ‘వైజాగ్ స్పెక్టేటర్’ సంపాదకత్వం వహించారు. పిదప దానిని తామే కొని, విజయనగరానికి తరలించి, ‘ఇండియన్ హెరాల్డ్’ అని పేరు మార్చి నడిపారు. వ్రాతపని, ప్రూఫులు దిద్దే పని, చందాలు వసూలు చేసే పని అన్నీ మీదవేసుకునే చిన్న పత్రికలు అవి. ఈ పత్రిక నిలువలేదు. ఆ వయస్సులో చేతి సొమ్ము పోగొట్టుకున్న యువకుడు సాధారణంగా ఏ కచేరీలోనో గుమాస్తాగా కుదురుకునేవాడు. చింతామణిగారు మద్రాసు వెళ్ళి, జి. సుబ్రహ్మణ్య అయ్యరుగారి ‘మద్రాస్ స్టాండర్డ్’లో పనిచేశారు. 1901లో సంఘ సంస్కరణపై పెద్దల వ్యాసాలు, ప్రసంగాలు సేకరించి ఒక బృహద్గ్రంథంగా వెలువరించారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఒకటి మాత్రమే!

అక్కడినుండి అలహాబాదు, అంటే నేటి ప్రయాగ్‌రాజ్. విజయనగరానికి ఆ నగరం బొత్తిగా పరాయిది కాదు. అక్కడి మ్యూర్ సెంట్రల్ కళాశాలకు మన మహారాజావారు ఇచ్చిన విరాళానికి గుర్తుగా ‘విజయనగరం హాలు’ వెలసి ఉన్నది. విద్యాదానం చేసిన చేయి ఎంత దూరం చాచగలదో చూడండి. సచ్చిదానంద సిన్హాగారి ‘హిందుస్థాన్ రివ్యూ’, ‘ఇండియన్ పీపుల్’ పత్రికలలో చింతామణిగారు ఆరితేరారు. 1909 అక్టోబరు 24న, విజయదశమి నాడు, మదనమోహన మాలవ్యా పండితుని పూనికతో ‘లీడర్’ దినపత్రిక ఆరంభమైంది. మోతీలాల్ నెహ్రూ దాని పాలకవర్గానికి తొలి అధ్యక్షులు. తొలి సంవత్సరాలలో ధనాభావం వేధించినా, చింతామణిగారి కలం పత్రికను నిలబెట్టింది. అంకెలు, తేదీలు, శాసనసభా ప్రసంగాలు ఆయనకు కంఠస్థం. హిందీ రాజ్యంలో తెలుగువాడు ఇంగ్లీషు వ్రాసి నెగ్గడం మామూలు సంగతి కాదు. అభిప్రాయభేదాలతో మోతీలాల్‌గారు 1919లో ‘ఇండిపెండెంట్’ అనే పోటీ పత్రిక పెట్టారు, సయ్యద్ హుస్సేన్ వంటి ప్రతిభాశాలి దానికి సంపాదకులు. ఆ పత్రిక కొద్ది సంవత్సరాలకే అంతరించింది. ‘లీడర్’ నిలిచింది.

చింతామణిగారు మితవాది, సహాయనిరాకరణను సమర్థించలేదు. ఆ విషయంలో ఆయనతో ఏకీభవించనివారు నాడూ ఉన్నారు, నేడూ ఉన్నారు, మేమూ ఆ కోవలోనివారమే. కానీ 1928లో సైమన్ సంఘాన్ని బహిష్కరించడంలో ఆయన వెనుకంజ వేయలేదు. 1930లో రౌండ్ టేబుల్ సమావేశానికి హాజరైనారు. 1921లో సంయుక్త రాష్ట్రాల విద్యామంత్రి అయినారు. పట్టా లేని మనిషి చేతికి ఒక రాష్ట్రపు విద్యాశాఖ వచ్చిందన్నమాట! అలహాబాదు విశ్వవిద్యాలయ పునర్వ్యవస్థీకరణ, హైస్కూలు, ఇంటర్మీడియట్ విద్యాబోర్డు ఏర్పాటు ఆ ఏడాదివే. మంత్రికి తన శాఖపై నిజమైన అధికారం లేదని తోచినప్పుడు 1923లో జగత్ నారాయణ్‌గారితో కలిసి రాజీనామా ఇచ్చి, తిరిగి పత్రికా కార్యాలయానికి వెళ్ళారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆయన చేసిన ఉపన్యాసాలు 1937లో వాల్తేరునుండే గ్రంథంగా వచ్చాయి. 1939లో ‘సర్’ బిరుదు లభించింది. 1941 జూలై 1న పరమపదించారు.

అదే సంవత్సరం లాహోరులో పంజాబు విశ్వవిద్యాలయం పత్రికారచన బోధన ఆరంభించింది. అమెరికాలో పులిట్జర్ ఇచ్చిన ధనంతో కొలంబియా విశ్వవిద్యాలయంలో 1912లోనే అది మొదలైంది. హైదరాబాదులో ఉస్మానియా వారు 1954లో ఆరంభించారు. చింతామణిగారికి చదువుకునే వయస్సులో ఇవేవీ లేవు. ఆయన సొంత సొమ్ము పణంగా పెట్టి, నష్టపోయి నేర్చుకున్నారు.

ఇప్పుడు వాల్తేరులోనూ, శ్రీకాకుళం దగ్గరి ఎచ్చెర్లలోనూ విశ్వవిద్యాలయాలున్నాయి. పిల్లవానికి ఫీజు రాయితీ లభించినా, అది గదిబాడుగ కాదు, భోజనం కాదు, బస్సు చార్జీ కాదు. పైగా పత్రికా కార్యాలయంలో పని నేర్చుకునే నెలలలో జీతం ఉండకపోవచ్చు. మండల విలేకరికి అచ్చయిన పంక్తుల లెక్కన ముట్టే డబ్బుతో ఇల్లు గడవదు. కనుక విలేకరి కాదలచినవాడికి సహాయం రెండవ ఏటనో, మార్కులు వచ్చాకనో కాక, చేరిన తొలి మాసంలోనే అందాలని మా అభిప్రాయం. ఉర్దూ, తెలుగు రెండూ చక్కగా వ్రాయగల విద్యార్థులు మన కళాశాలలో ఉన్నారు. వారిలో ఏటా ఒక్కరికైనా తొలి సంవత్సరపు భోజన వ్యయం భరించేందుకు చిన్న నిధి ఏర్పాటు చేసే విషయాన్ని కళాశాల సంఘం పెద్దలు రాబోయే సమావేశంలో చర్చకు తీసుకోవాలని కోరుతున్నాము. దరఖాస్తుతోబాటు ఆదాయ ధ్రువపత్రమే కాక, విద్యార్థి తన ఊరిని గురించి వ్రాసిన ఒక వార్తను కూడా అడిగితే బాగుంటుంది.