రెండు పళ్ల బుట్టలు: జేమ్స్ నైస్మిత్ జీవిత కథ

పిల్లలూ!

మన శంకర్ నగర్‌లో ఈ మధ్య సాయంత్రాలు ఒక కొత్త ఆట కనిపిస్తోంది. వేపచెట్టు కొమ్మకు పాత ప్లాస్టిక్ బుట్ట ఒకటి కట్టి, పిల్లలు దూరం నుంచి ఫ్రిస్‌బీని అందులో పడేలా విసురుతున్నారు. దీన్ని డిస్క్ గోల్ఫ్ అంటారు. ఎంత తక్కువ విసుర్లలో బుట్టలో వేస్తే అంత గొప్ప. గొలుసులున్న అసలు బుట్ట కొనలేక ఇంట్లో ఉన్నదానితోనే మొదలుపెట్టామని చెబుతూ ఆ పిల్లలు కాస్త సిగ్గుపడ్డారు. సిగ్గెందుకు? ప్రపంచమంతా ఆడే బాస్కెట్‌బాల్ కూడా సరిగ్గా ఇలాగే, చేతికి దొరికిన రెండు పళ్ల బుట్టలతో పుట్టింది. దాన్ని కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ కథ చెబుతాను, వినండి.

నైస్మిత్ 1861 నవంబరు 6న కెనడాలోని ఆల్మాంట్ అనే చిన్న ఊరి దగ్గర పుట్టాడు. తొమ్మిదేళ్ల వయసులో టైఫాయిడ్ జ్వరం అతని తల్లినీ తండ్రినీ కూడా తీసుకుపోయింది. ఆ తరవాత మేనమామ ఇంట్లో పెరిగాడు. అక్కడ పొలం పని ఎక్కువ, డబ్బు తక్కువ. చలికాలంలో తోటి పిల్లలు మంచు మీద జారే స్కేట్లు వేసుకుని ఆడుతుంటే అతనికి స్కేట్లు లేవు. మామను అడగడానికి మొహమాటపడి, రెండు పాత ఆకురాళ్లను చెక్కలో బిగించి తనకు తానే స్కేట్లు తయారు చేసుకున్నాడు.

ఆ ఊరి పిల్లలకు ఇంకో ఆట ఉండేది. పెద్ద బండ మీద చిన్న రాయి పెట్టి, దాన్ని దూరం నుంచి రాళ్లతో కొట్టి పడేయాలి. మన ఏడు పెంకులాటకు, ఇక్కడివాళ్లు ఆడే పిట్టూల్‌కు దూరపు చుట్టం అనుకోండి. బలం కొద్దీ సూటిగా విసిరితే రాయి గురి తప్పి ఎక్కడో దూరంగా పడేది. మెల్లగా, పైకి వంపుగా విసిరితే గురి కుదిరేది. ఈ చిన్న సంగతి నైస్మిత్ మనసులో ఉండిపోయింది.

చదువు మధ్యలో మానేసి కొన్నేళ్లు అడవుల్లో చెట్లు కొట్టే పనికి వెళ్లాడు. తరవాత తనకంటే చిన్నవాళ్ల పక్కన మళ్లీ బడిలో కూర్చుని చదువు పూర్తి చేశాడు. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో పట్టా తీసుకుని, మతబోధకుడు కావడానికి కూడా చదివాడు. అలాంటివాడికి ఆటలెందుకని అయినవాళ్లే తప్పుపట్టారు. మంచి నడవడిని ఆటస్థలంలో కూడా నేర్పవచ్చని అతను నమ్మాడు. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో చేరి, అక్కడే ఉపాధ్యాయుడయ్యాడు.

1891 చలికాలం. బయట మంచు. లోపల వ్యాయామశాలలో రోజూ ఒకే రకం కసరత్తులతో విసిగిపోయిన 18 మంది యువకులు. వాళ్లను అదుపు చేయలేక అంతకుముందే ఇద్దరు ఉపాధ్యాయులు చేతులెత్తేశారు. ఆ తరగతిని నైస్మిత్‌కు అప్పగించి, నాలుగు గోడల మధ్య ఆడుకునే కొత్త ఆటను 14 రోజుల్లో సిద్ధం చేయమని పైఅధికారి ఆదేశించాడు. నైస్మిత్ ముందు తెలిసిన ఆటలనే లోపల ఆడించి చూశాడు. దెబ్బలు తగలడం తప్ప ఫలితం లేకపోయింది. గడువు దగ్గర పడింది.

అప్పుడు అతను ఒక్కొక్క చిక్కునూ విడిగా తీసుకుని ఆలోచించాడు. దెబ్బలెందుకు తగులుతున్నాయి? బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ణి మిగతావాళ్లు పడదోయడం వల్ల. అయితే బంతితో పరిగెత్తనివ్వకూడదు, మరొకరికి అందించాలి. గోల్ నేల మీద నిలువుగా ఉంటే ఏమవుతుంది? బంతిని బలంగా కొడతారు. అయితే గోల్‌ను తలల పైన, నోరు ఆకాశం వైపు ఉండేలా పెట్టాలి. అప్పుడు బలం కాదు, నేర్పు కావాలి. చిన్నప్పుడు బండ మీది రాయిని కొట్టిన ఆట అతనికి ఇక్కడ పనికొచ్చింది.

భవనం బాగోగులు చూసే ఉద్యోగిని రెండు చెక్కపెట్టెలు అడిగాడు. పెట్టెలు లేవు. పీచ్ పళ్లు పోసే బుట్టలు రెండు ఉన్నాయి. నైస్మిత్ వాటినే తీసుకుని వ్యాయామశాల మేడ పిట్టగోడ అంచుకు మేకులతో కొట్టాడు. ఆ అంచు నేల నుంచి 10 అడుగుల ఎత్తు ఉంది. ఈనాటికీ బాస్కెట్‌బాల్ రింగు ఎత్తు అదే. 13 నియమాలు రాయించి గోడకు అంటించాడు. తొమ్మిదేసి మందితో రెండు జట్లు ఆడాయి. తొలి ఆట మొత్తంలో బుట్టలో పడింది ఒక్క బంతే. అయినా మర్నాటి నుంచి ఆ తరగతికి రానంటే రానన్నవాడు లేడు.

బుట్టకు అడుగు ఉండడంతో బంతి పడినప్పుడల్లా నిచ్చెన ఎక్కి తీయాల్సి వచ్చేది. తరవాత అడుగున కన్నం చేసి కర్రతో బంతిని పైకి నెట్టారు. ఆపైన ఇనుప రింగు, చివరికి అడుగు లేని వల వచ్చాయి. మేడ మీద నిలబడ్డ ప్రేక్షకులు చేయి చాపి బంతిని మళ్లిస్తుంటే, అడ్డంగా బుట్ట వెనక పలక బిగించారు. ఆడుతూ ఉంటే లోపాలు బయటపడ్డాయి, ఒక్కొక్కటే సరిదిద్దుకున్నారు.

ఆటకు తన పేరు పెట్టడానికి నైస్మిత్ ఒప్పుకోలేదు. ఆ తరవాత అతని జీవితం కూడా మీ నాన్నగారి ఉద్యోగంలాగే ఊళ్లు మారుతూ సాగింది. డెన్వర్‌లో పనిచేస్తూనే వైద్యం చదివి 1898లో డాక్టరయ్యాడు. అదే ఏడాది కాన్సస్ విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. అక్కడ బాస్కెట్‌బాల్ జట్టును నడిపించి, గెలిచిన ఆటల కంటే ఓడినవే ఎక్కువగా మిగుల్చుకున్నాడు. ఆట కనిపెట్టినవాడే ఓడిపోవడం వింతగా ఉంది కదూ! గెలుపు కంటే ఆడే పద్ధతి ముఖ్యమనుకున్న మనిషి కాబట్టి అది అతన్ని పెద్దగా బాధించలేదు.

1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్‌కు తొలిసారి చోటు దొరికింది. శిక్షకులు చందాలు పోగుచేసి 74 ఏళ్ల నైస్మిత్‌ను అక్కడికి పంపారు. వానలో, బురద నేల మీద జరిగిన ఫైనల్‌లో తను స్థిరపడిన అమెరికా, పుట్టిన కెనడా తలపడ్డాయి. అమెరికా 19-8తో గెలిచింది. 1939 నవంబరు 28న నైస్మిత్ కన్నుమూశాడు. అతని ఆట మన పొరుగునే ఉన్న భిలాయ్‌కీ వచ్చింది. అక్కడి అమ్మాయిలు ఎందరో భారత జట్టుకు ఆడారు.

ఇక మన వేపచెట్టు దగ్గరికి వద్దాం. డిస్క్ గోల్ఫ్ కూడా ఇలాగే ఎదిగింది. 1975లో కాలిఫోర్నియాలో ఎడ్ హెడ్రిక్ తొలి మైదానం ఏర్పాటు చేసినప్పుడు గురిగా పెట్టింది ఉత్త స్తంభాలను. బిళ్ల తగిలిందా లేదా అని తగాదాలు వచ్చేసరికి, పైన గొలుసులు వేలాడే బుట్టను తయారు చేశాడు. గొలుసులు ఊగుతూ బిళ్ల వేగాన్ని మింగేస్తాయి, అది కింది బుట్టలో పడుతుంది. మీ ఫ్రిస్‌బీ బుట్ట అంచుకు తగిలి ఎగిరిపోతోంది కదా? పాత సైకిల్ రిమ్ము సంపాదించి, చుట్టూ గొలుసులు వేలాడదీసి, బుట్టకు పైన కట్టి చూడండి. పదునైన తీగ చివరలను మాత్రం పెద్దవాళ్ల చేత వంచించండి.

నేను కూడా బదిలీల మీద చాలా ఊళ్లు తిరిగాను. కొత్త క్వార్టర్స్‌లో మొదటి వారం ఎవరూ పలకరించరు. కానీ చెట్టుకు ఒక బుట్ట వేలాడితే చాలు, ఏం చేస్తున్నావని అడగడానికైనా ఒకరు దగ్గరికి వస్తారు. వచ్చినవాళ్ల చేతికి ఫ్రిస్‌బీ ఇవ్వండి. రేపు మీరు మరో ఊరు వెళ్లినా ఆ బుట్ట ఇక్కడే ఉంటుంది, దానితో వేరే పిల్లలు ఆడుకుంటారు.