బీర్బల్ సాహ్ని

బీర్బల్ సాహ్ని (నవంబరు 14, 1891 - ఏప్రిల్ 10, 1949) భారతదేశపు సుప్రసిద్ధ వృక్షశాస్త్రవేత్త. భారతదేశంలో పురావృక్షశాస్త్ర పరిశోధనకు ఆద్యుడు. లక్నోలోని జాతీయ పరిశోధన సంస్థ ఈయన పేరు మీదనే ఉంది.

బాల్యము, విద్య
సాహ్ని పంజాబులోని భేరా పట్టణంలో (ప్రస్తుతం పాకిస్తాన్) జన్మించాడు. తండ్రి రుచిరామ్ సాహ్ని లాహోరులో రసాయనశాస్త్ర ఆచార్యుడు. 1911లో లాహోరులో పట్టభద్రుడై, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ సీవార్డ్ వద్ద పరిశోధన చేశాడు. 1919లో లండన్ విశ్వవిద్యాలయం నుండి డి.ఎస్.సి. పట్టం పొంది స్వదేశానికి తిరిగివచ్చాడు. 1920లో సావిత్రితో వివాహం జరిగింది. 1921లో లక్నో విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర ఆచార్యుడిగా చేరాడు. 1936లో లండన్ రాయల్ సొసైటీ సభ్యుడిగా ఎన్నికయ్యాడు.

పరిశోధనలు, తెలుగు నేలతో సంబంధం
రాజమహల్ కొండల శిలాజాలను పరిశీలించి విలియంసోనియా సీవార్డియానా అనే మొక్కను వర్ణించాడు. అంతరించిన పెంటాక్సిలే వర్గాన్ని గుర్తించాడు.

దక్కను లావా శిలల వయస్సు ఈయన ప్రత్యేకంగా చర్చించిన విషయం. ఒక లావా ప్రవాహానికి, తరువాతి ప్రవాహానికి నడుమ ఏర్పడిన సరస్సుల మట్టిలో ఆనాటి మొక్కలు శిలాజాలుగా మిగిలాయి. రాజమండ్రి సమీపంలోని కాతేరు పొరలలో కూడా నాచుజాతి శిలాజాలు లభించాయి. ఇటువంటి ఆధారాలతో ఈ లావా క్రెటేషియస్ యుగానిది కాదని, తరువాతి టెర్షియరీ యుగానిదని సాహ్ని వాదించాడు. 1940లో మద్రాసులో జరిగిన భారత సైన్స్ కాంగ్రెసు అధ్యక్షోపన్యాసంలో కూడా ఇదే అంశాన్ని తీసుకున్నాడు.

నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో అధికభాగం మొక్కలు పుట్టకముందరి గ్రానైటు శిలలే కనుక అక్కడ ఇటువంటి శిలాజాలు ఉండవు. అయితే పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా వాయవ్యపు అంచున, కొడంగల్ వైపు, దక్కను లావా కనిపిస్తుంది. దానికి చేరువలో, వికారాబాద్ ప్రాంతంలోని నస్కల్ పొరలలో దొరికిన క్రెటేషియస్ యుగపు క్షీరద శిలాజాన్ని జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని 1988లో ప్రకటించారు. అశోక్ సాహ్ని బీర్బల్ సాహ్ని సోదరుని కుమారుడు. లావా ప్రధానంగా సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం, రెండు యుగాల సంధికాలంలో ప్రవహించిందని నేటి నిర్ణయం. అంటే సాహ్ని అభిప్రాయం కొంత సవరణకు గురైంది. కాని మొక్కల శిలాజాలతో రాళ్ళ వయస్సును పరీక్షించే మార్గం నిలిచింది.

సంస్థ స్థాపన, మరణం
సాహ్ని దంపతులు తమ సొంత ధనము, గ్రంథాలయము, శిలాజాల సేకరణను ఇచ్చి 1946లో పురావృక్షశాస్త్ర సంస్థను ప్రారంభించారు. 1949 ఏప్రిల్ 3న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ నూతన భవనానికి శంకుస్థాపన చేశాడు. శంకుస్థాపన రాతిలో శిలాజాలను పొదిగారు. వారం రోజులకే సాహ్ని గుండెపోటుతో మరణించాడు. సావిత్రి సాహ్ని సంస్థ బాధ్యతను స్వీకరించి భవనాన్ని పూర్తి చేయించింది. 1953లో నెహ్రూయే దానిని ప్రారంభించాడు. ఈ సంస్థను ఇప్పుడు బీర్బల్ సాహ్ని పురావిజ్ఞాన సంస్థ అని పిలుస్తున్నారు.